వినకూడని సలహాలు: ఇంట్లో తూటాలు, తుపాకీ మందు దాచుకునేవారికి

అమెరికాలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ మనవాళ్లలో కొందరికి షూటింగ్ రేంజ్ అలవాటవుతోంది. అందులో మరికొందరు అక్కడితో ఆగడం లేదు. కాల్చేసిన ఇత్తడి కేసుల్ని ఏరి తెచ్చుకుని, గరాజ్‌లో బల్లకి ప్రెస్సు బిగించి, మందుని అంటించే చిన్న కప్పు, అంటే పాత ప్రైమర్, తీసి కొత్తది కూర్చి, కొలత ప్రకారం పౌడర్ (తుపాకీ మందు) పోసి, పైన బుల్లెట్ నొక్కి, తూటాలు సొంతంగా చేసుకుంటున్నారు. సొంత వాడకానికైతే అక్కడి ఫెడరల్ చట్టం దీనికి లైసెన్సు అడగదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం. కాబట్టి నేను రాసేదంతా అమెరికాలో ఉన్నవారి కోసం.

తూటా ఎలా చేయాలో పుస్తకాలు చెబుతాయి. తెచ్చుకున్న మందు, చేసుకున్న తూటా ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎక్కువగా స్నేహితులే చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు. అయినా నా భయమంతా ఆ సలహాల గురించే. బంగారం, డబ్బు, దస్తావేజులు దాచుకునే అలవాటులోంచి పుట్టిన సలహాలవి. గట్టిగా మూసెయ్యి, ఎవరికీ కనపడకుండా పెట్టు, అన్నీ ఒక్కచోటే ఉంచు. బంగారానికి ఆ పద్ధతి సరిపోతుంది. మందుకి సరిపోదు. నా చెవిన ఎక్కువసార్లు పడ్డ సలహాలు ఇవి. వీటిని ఎందుకు వినకూడదో చెబుతాను.

‘మంచి ఇనప్పెట్టె కొని, పౌడర్ అందులో పెట్టి తాళం వేసెయ్యండి’

వీటన్నిటిలోకీ ప్రమాదమైన సలహా ఇదే, పైగా వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. ఇవాళ మనం తూటాల్లో పోసేది పొగ రాని మందు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే దాన్ని తయారు చేశాడు. ఆ మందు ఎంత వేగంగా కాలుతుందన్నది చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి ఉంటుందని చెప్పిందీ ఆయనే. ఆ సూత్రాన్ని ఇవాళ్టికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ పౌడర్ ఆరుబయట నేల మీద కొద్దిగా ఉండి అంటుకుంటే బుస్సుమని పసుపు మంటతో మండిపోతుంది, పేలదు. అదే గాలి కూడా దూరని గట్టి పెట్టెలో ఉండగా వేడెక్కి అంటుకుంటే, పుట్టిన వాయువుకి దారి ఉండదు. ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగిన కొద్దీ ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పెట్టె పగలక తప్పదు. పెట్టె ఎంత గట్టిదైతే పగిలేటప్పుడు అంత ఘోరం. చిచ్చుబుడ్డి విరజిమ్మడానికీ తాడుబాంబు పేలడానికీ మధ్య తేడాలో పెద్ద భాగం బిగింపుదేనని దీపావళి చేసుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఇక్కడా సంగతి అంతే.

అందుకే పౌడర్ కంపెనీలు దాన్ని పల్చటి డబ్బాల్లో అమ్ముతాయి. ఒక పౌండు ప్లాస్టిక్ డబ్బాని చేతిలోకి తీసుకుని పక్కన బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి పోతుంది. చూస్తే నాసిరకం సరుకులా ఉంటుంది. కానీ అది కావాలని అలా చేసినదే. నిప్పు తగిలితే ఒత్తిడి పెరగకముందే విచ్చుకుపోవాలి. ఆ డబ్బాని తీసుకెళ్లి రబ్బరు సీలున్న మిలిటరీ ఆమో క్యాన్‌లోనో, తుపాకుల సేఫ్‌లోనో పెడితే, కంపెనీ తగ్గించి పంపిన ప్రమాదాన్ని మనం చేజేతులా తిరిగి తెచ్చుకున్నట్టే.

అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకి ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ. దాని 495వ ప్రమాణం ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి 20 పౌండ్ల వరకు పొగ రాని మందును అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. 20 దాటి 50 పౌండ్ల వరకైతే కనీసం ఒక అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టెలోనో బీరువాలోనో పెట్టాలి. ఎక్కడా ఇనుము మాట లేదు. చెక్క వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, లోపల ఒత్తిడి పెరిగితే కీళ్ల దగ్గర విడిపోతుంది. తూటాలు, మందు తయారీదారుల సంస్థ సామీ కూడా అదే అంటుంది. మందు పెట్టే బీరువాకి ఒక గోడో, అతుకో బలహీనంగా ఉండాలట. మీ ఊళ్లో నియమాలు ఇంతకన్నా కఠినంగా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మరీ ఉండొచ్చు. కొనకముందే అగ్నిమాపక కార్యాలయాన్ని అడగండి.

మరి పిల్లల సంగతేమిటంటారా? చెక్క బీరువాకి మామూలు తాళం వెయ్యండి, ఆ గదికి ఇంకో తాళం వెయ్యండి. చెయ్యి వెళ్లకుండా ఆపడానికి అది చాలు. వాయువు బయటికి రాకుండా ఆపాల్సిన పని లేదు.

పూర్తయిన తూటాల స్వభావం వేరు. తూటా తుపాకీ గొట్టంలో ఉంటేనే బుల్లెట్ వేగమందుకుంటుంది. బయట మంటల్లో పడిన తూటా చిట్లుతుంది. బరువైన బుల్లెట్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, తేలికైన ఇత్తడి ముక్కలూ ప్రైమర్ కప్పూ ఎగురుతాయి. సామీ ఈ విషయం మీద పెద్ద ఎత్తున తూటాలు కాల్చి ఒక చిత్రమే తీసింది. అగ్నిమాపక సిబ్బంది రోజూ వేసుకునే రక్షణ దుస్తులు ఆ ముక్కల్ని ఆపగలిగాయి. కాబట్టి తూటాలకి తాళమున్న ఇనుప పెట్టె పనికొస్తుంది. తుపాకీలో తూటా ఎక్కించి వదిలేస్తే మాత్రం ఆ లెక్క చెల్లదు. మంటల్లో వేడెక్కిన తుపాకీ దానంతట అదే పేలుతుంది, అప్పుడు వచ్చేది నిజమైన బుల్లెట్టే.

‘ప్రైమర్లు అట్టపెట్టెల్లో చోటు తినేస్తాయి, ఒక సీసాలో పోసుకోండి’

చేసేవాళ్లున్నారు. ఒక్కో ట్రేలో వందే ఉంటాయి, ఒక్కోటీ తన గుంటలో విడిగా కూర్చుని ఉంటుంది. పది ట్రేలు కలిపితే ఒక పెట్టె. నిండా వెయ్యి. చూస్తే వాటి మధ్య ఖాళీ అంతా వృథా అనిపిస్తుంది. ఆ ఖాళీకే మనం డబ్బు కట్టింది. ప్రైమర్‌లో ఉండే లెడ్ స్టిఫ్నేట్ దెబ్బకీ, రాపిడికీ, వేడికీ, ఒంటి మీది స్థిర విద్యుత్తుకీ కూడా పేలగలదు. విడివిడిగా ఉన్నప్పుడు ఒకటి పేలినా పక్కదానికి అంటుకునే అవకాశం తక్కువ. సీసాలో గుట్టగా పోస్తే ఒకటి పేలగానే అన్నీ ఒక్కసారే పేలతాయి. గాజు సీసా ముక్కలు దానికి తోడు. ఎన్‌ఎఫ్‌పీఏ ఇంట్లో 10,000 ప్రైమర్ల వరకు అనుమతిస్తుంది, అవి కంపెనీ పెట్టెల్లో ఉన్నాయన్న లెక్కతోనే. పౌడర్‌కి దూరంగా వేరే అరలో పెట్టండి. కార్పెట్ మీద ఉన్ని చొక్కాతో నడిచొచ్చి ట్రే తెరవకండి.

‘మా పిల్లలు ముట్టుకోరు, వాళ్లకి ఎక్కడుందో కూడా తెలీదు’

ఇది సలహా కూడా కాదు, భరోసా. అందుకే ఇంకా భయం.

2006లో వచ్చిన ఒక అధ్యయనంలో అలబామా పల్లెల్లో తుపాకీ ఉన్న ఇళ్ల తల్లిదండ్రుల్నీ, పిల్లల్నీ విడివిడిగా అడిగారు. ‘తుపాకీ ఎక్కడ పెడతామో మా పిల్లలకి తెలియదు’ అన్న తల్లిదండ్రుల్లో నూటికి 39 మంది పిల్లలు తమకి తెలుసన్నారు. ‘ఎప్పుడూ ముట్టుకోలేదు’ అన్నవాళ్లలో నూటికి 22 మంది పిల్లలు ముట్టుకున్నామన్నారు. వీళ్లెవరూ నిర్లక్ష్యపు తల్లిదండ్రులని నేననను. పిల్లల కంటికి ఇంట్లో కనపడని మూల ఉండదు, అంతే. మనం చిన్నప్పుడు అటక మీది సున్నుండల డబ్బా వాసన పట్టి తీయలేదా?

2005లో జామా వైద్య పత్రికలో అచ్చయిన మరో అధ్యయనం నాలుగు జాగ్రత్తల్ని విడదీసి చూసింది. తుపాకీకి తాళం, తుపాకీ ఖాళీగా ఉంచడం, తూటాలకి తాళం, తూటాల్ని తుపాకీకి దూరంగా వేరేచోట పెట్టడం. నాలుగింటిలో ప్రతి ఒక్కటీ పిల్లల్లో, టీనేజర్లలో ప్రమాదాలు, ఆత్మహత్యలు తగ్గడంతో ముడిపడి ఉందని తేలింది. ఆత్మహత్యలన్న ఆ రెండో మాట దగ్గర మన ఇళ్లలో అందరూ ఆగాలి. ప్రమాదమంటే మనకి మూడేళ్ల పసివాడు గుర్తొస్తాడు. పదహారేళ్ల పిల్ల గుర్తురాదు. మార్కులు, కాలేజీ అడ్మిషన్లు, ఇంట్లో చెప్పుకోలేని దిగులు, ఇవి మన తెలుగు ఇళ్లలో లేవని ఎవరూ అనలేరు. ఆ వయసులో కొన్ని ఘడియలు చాలా చెడ్డవి. ఆ ఘడియ గడిచిపోతే అదే పిల్ల మర్నాడు అన్నం తిని బడికి వెళుతుంది. రెండు తాళాలు, రెండు గదులు ఆ ఘడియని గడిపేయడానికి. తుపాకీకి తాళం వేసి తూటాలు గరాజ్ అరలో బయట పెట్టేవాళ్లకి నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. తూటాలకీ తాళం వెయ్యండి.

వేసే తాళం తాళంలా ఉండాలి. మనవాళ్లు చాలామంది కీప్యాడ్‌కి పెట్టే నంబరు పెద్దవాడి పుట్టినరోజు. ఆ నంబరు ఇంట్లో అందరికన్నా ముందు ఊహించేది ఆ పెద్దవాడే. తాళంచెవి పెట్టేది అదే బల్ల సొరుగులో. ఈ రెండూ ఇవాళే మార్చేయొచ్చు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పెట్టే చట్టం ఉంది. ఛాంబర్‌లో తూటా లేకపోయినా, మ్యాగజైన్‌లో ఉంటే చాలు. మిగతా రాష్ట్రాల్లో చట్టాలు వేరు వేరుగా ఉంటాయి, మీ రాష్ట్రానిది చూసుకోండి.

పిల్లలతోపాటు ఇంకొకరున్నారు. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మ, అత్తగారు. వాళ్లకి పొద్దుపోదు, గరాజ్ సర్దుతారు. పేరు లేని సీసాలో నల్లటి సన్న గింజలు కనిపిస్తే వంటగదికి చేరుస్తారు. అందులో వాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు వచ్చిన మొదటి రోజే బీరువా చూపించి ఇది ముట్టుకోవద్దమ్మా అని చెప్పడం, అసలు పేరు లేని సీసా ఇంట్లో ఉండనివ్వకపోవడం మన పని.

‘గరాజ్ ఉందిగా’, ‘అటక ఖాళీగా ఉందిగా’

టెక్సాస్ ఎండాకాలంలో అటకలో వేడి 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. పొగ రాని మందు నైట్రోసెల్యులోజ్‌తో చేసినది. అది ఊరికే ఉన్నా మెల్లమెల్లగా విడిపోతూనే ఉంటుంది. విడిపోయేటప్పుడు పుట్టే ఆమ్లపు వాయువులు ఆ పనిని ఇంకా వేగం చేస్తాయి. వాటిని పీల్చుకోవడానికే తయారీలో డైఫినైలమైన్‌లాంటి స్థిరకారకం కలుపుతారు. వేడిలో అది త్వరగా ఖర్చయిపోతుంది. ఫ్రాన్స్ నౌకాదళం ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. తూలాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే యుద్ధనౌకలు వాటి మందుగదుల్లోంచే పేలిపోయాయి, వందల మంది చనిపోయారు. కారణం వియే కనిపెట్టిన ఆ మందే పాడవడమని తేల్చారు. ఇవాళ్టి పౌడర్ ఎంతో మెరుగు. వేడి సంగతి మాత్రం మారలేదు.

ఇక గరాజ్. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ అక్కడే ఉంటుంది. గరాజ్‌లో దాని మంట నేలకి 18 అంగుళాల పైన ఉండాలని భవన నియమాలు మామూలుగా చెబుతాయి, పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుంది కాబట్టి. అంటే గరాజ్‌లో మండే ఆవిర్లు ఉంటాయని నియమాలు రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ హీటర్ పక్కన, లాన్ మోవర్ పెట్రోలు క్యాన్ పక్కన, పెయింటు థిన్నర్ పక్కన మందు బీరువా పెట్టకూడదు. ఇంటి లోపల, చల్లగా, పొడిగా ఉండే గది మేలు. అక్కడా ఒకటి చూసుకోవాలి. మన ఇళ్లలో పూజ అలమరా తరచుగా ఏ క్లాజెట్‌లోనో, పాంట్రీలోనో ఉంటుంది. దీపం, అగరుబత్తి, హారతి కర్పూరం ఉన్నచోటికి మందు దగ్గర కాకూడదు, గోడ అవతల కూడా వద్దు.

‘మిగిలిన పౌడర్ హాపర్‌లోనే ఉండనివ్వండి, రేపు మళ్లీ చేసుకోవాలిగా’

పౌడర్ కొలిచే పరికరం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అదే హాపర్. కొన్నాళ్లు మందు అందులో వదిలేసిన హాపర్ని చూడండి. లోపలి గోడ పచ్చగా మారి, మందు తాకినంత మేరా మసకబారి ఉంటుంది. కొన్ని పౌడర్లలోని నైట్రోగ్లిసరిన్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. అయితే అసలు ప్రమాదం అది కాదు. వారం తర్వాత వచ్చి చూస్తే ఆ గింజలు ఏ డబ్బావో గుర్తుండదు. పిస్టల్ పౌడర్ చాలా త్వరగా మండుతుంది, రైఫిల్ పౌడర్ మెల్లగా మండుతుంది. పెద్ద రైఫిల్ కేసు నిండా పిస్టల్ పౌడర్ పోస్తే ఆ తుపాకీ మొహం ముందే బద్దలవుతుంది. రంగు చూసి ఏ పౌడరో చెప్పగల మనిషి లేడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. పని అవగానే మిగిలింది ఆ డబ్బాలోకే పోసెయ్యాలి. ఏ డబ్బాదో సందేహం వస్తే పారెయ్యాల్సిందే. ‘దాదాపు ఇదే’ అన్న మాటకి ఇక్కడ చోటు లేదు.

నేల మీద ఒలికిన పౌడర్‌కి వ్యాక్యూమ్ క్లీనర్ వాడకండి. మోటారు నిప్పురవ్వతో అంటుకోవచ్చు. చిన్న బ్రష్షు, చేట చాలు. ఇత్తడి కేసుల్ని శుభ్రం చేసే టంబ్లర్‌లోని దుమ్ములో పాత ప్రైమర్ల సీసం ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో టంబ్లర్ తిప్పకండి, ఆ బల్ల దగ్గర ఏమీ తినకండి, లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి.

‘అన్ని తూటాలూ ఒకే డబ్బాలో వేస్తే సరిపోతుంది’

సరిపోదు. 20 గేజ్ షాట్‌గన్ తూటా 12 గేజ్ తుపాకీలో పడితే జారి ఛాంబర్ దాటి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగా ఉంది కదా అని వెనక 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టం చీలిపోతుంది. అందుకే 20 గేజ్ తూటాలకి పసుపు రంగు కేటాయించారు. .300 బ్లాకౌట్ తూటాలు .223 మ్యాగజైన్‌లో ఏ గొడవా లేకుండా కూర్చుంటాయి. పొరపాటున ఆ రైఫిల్‌లో పేలిస్తే అదీ బద్దలే. ఏ కాలిబర్‌కి ఆ పెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు. సొంతంగా చేసినవైతే పౌడర్ పేరు, ఎన్ని గ్రెయిన్లు, తారీఖు కూడా రాయాలి. తుప్పు పట్టకుండా తూటాల మీద నూనె చల్లమనే వాళ్లున్నారు. నూనె ప్రైమర్ సందుల్లోంచి లోపలికి దిగొచ్చు. అప్పుడు తూటా సగం బలంతో పేలి బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోతుంది. వెనక వచ్చే రెండో బుల్లెట్‌తో తుపాకీ పోతుంది, చెయ్యీ పోవచ్చు.

‘పాడైన ప్రైమర్లు నూనెలో నానబెట్టి చెత్తలో వేసెయ్యండి’

నానబెట్టినవి ఆ తర్వాత పేలిన సందర్భాలున్నాయి. వాటిని చచ్చాయనుకోవడమే ప్రమాదం. చెత్తబండిలోని యంత్రం వాటిని నొక్కుతుంది, అక్కడ పని చేసేవాడికీ కుటుంబం ఉంది. పౌడర్ డబ్బా మూత తీసినప్పుడు ఘాటైన పులుపు వాసన వచ్చినా, ఎర్రటి గోధుమరంగు పొగ కనిపించినా ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదు. మంచి పౌడర్ వాసన ఎలా ఉంటుందో కొత్త డబ్బా తెరిచినప్పుడే గుర్తుపెట్టుకుంటే తేడా తెలుస్తుంది. అగ్నిమాపక శాఖ అత్యవసరం కాని నంబరుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏం చేయాలో, ఎక్కడికి తేవాలో వాళ్లే చెబుతారు.

‘రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగే ఇండియాకీ వాడుకోండి, ఖాళీ చేస్తే చాలుగా’

ఇది తెలుగువాళ్ల మధ్యే వింటాను, వినగానే ఉలిక్కిపడతాను. ఆ బ్యాగులకి జేబులెక్కువ, లోపలి అస్తరు కుట్టు ఒకచోట ఊడి ఉంటుంది. ఒక్క .22 తూటా, వేలి గోరంత వెడల్పు కూడా లేనిది, ఆ చిరుగులోంచి అస్తరులోకి జారితే చేత్తో తడిమినా దొరకదు. ఎక్స్‌రే యంత్రానికి దొరుకుతుంది. అమెరికా విమానాశ్రయంలో దొరికితే జరిమానాతో పోవచ్చు. ఢిల్లీలోనో, శంషాబాద్‌లోనో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టు పోలీసుల దగ్గర, తిరుగు ప్రయాణం ఆగిపోవడం. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా, తెలియకా అన్నది మన కోర్టులు చూస్తాయి, చాలామంది బయటపడతారు. కానీ ఆ మాట కోర్టు చెప్పే లోపల పెళ్లికో, పెద్దవాళ్ల అంత్యక్రియలకో వెళ్లినవాడి సెలవు అయిపోతుంది, కొందరికి ఉద్యోగమూ పోతుంది. ఖాళీ ఇత్తడి కేసు దొరికినా తలనొప్పే.

రేంజ్ బ్యాగ్ రేంజ్‌కే. దాని మీద పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి, ప్రయాణపు సూట్‌కేసులు ఉండే అలమరాకి దూరంగా, తూటాల బీరువా ఉన్న గదిలోనే తగిలించండి. కాల్చుకుని వచ్చిన రోజు వేసుకున్న జాకెట్టు, ప్యాంటు జేబులు కూడా ఇంటికి రాగానే తిప్పి దులపండి. ఆ జాకెట్టు ఉతక్కుండా ప్రయాణానికి వేసుకోకండి.